సున్నం బొట్టు

దుబాయ్,
2024 నవంబరు 6

అత్తా,

కళ్ళజోడు పెట్టుకుని ఈ ఉత్తరం నువ్వే చదువుకో. వీధరుగు మీద కాదు, పెరట్లో కూచుని చదువు. ఫోనులో నా మాట నీకు సగమే వినపడుతుంది. ఆ సగమూ స్పీకరులో వీధంతా వింటుంది. అందుకే కాగితం కొన్నాను.

కంగారుపడకు, మంచి కబురే. నాలుగేళ్ళు కంచాలు మోశాక నన్ను మా హోటల్లో వైన్ విభాగంలోకి తీసుకున్నారు. ఐదుగురం. ఆడపిల్లని నేనొక్కదాన్నే. మా పెద్ద మురళీమోహన్ గారని హైదరాబాద్ ఆయన. నన్ను పేరుతో పిలవడు, 'గోదావరీ' అంటాడు. వైన్‌ని చూసి, వాసన పట్టి, రుచి చెప్పే పరీక్ష ఒకటి ఉంది. మే నెలాఖరులో హోటలు తరఫున దానికి నా పేరు పంపుతున్నారు. అది గట్టెక్కితే వైన్ పోసే మనిషిని కాదు, ఏది మంచిదో ఏది కాదో చెప్పే మనిషిని అవుతాను.

నిన్న బర్గండీ అనే చోట తయారైన ఎర్ర వైన్ రుచి చూపించారు. ఫ్రాన్సులో ఉందది. అక్కడ ఒక ద్రాక్షతోట, మన దొడ్డి కొబ్బరితోట ఉంటుంది చూడు, అంత ముక్క. చుట్టూ రాళ్ళగోడ. ఆ ఒక్క ముక్కలో కాసిన ద్రాక్షే ఆ సీసాలోకి వెళుతుంది. గట్టు అవతలి తోటది ఒక్క గుత్తి కూడా కలపరు. సీసా మీద ఆ తోట పేరే రాస్తారు. అందరూ ఆహా ఓహో అంటుంటే నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వావని అడిగాడు మురళీమోహన్ గారు. "మా ఊళ్ళో దీన్ని ఒంటిచెట్టు కల్లు అంటారండీ" అన్నాను. అప్పుడు వాళ్ళు నవ్వారు చూడు, ఆ నవ్వు నాకు నచ్చలేదు అత్తా. కడుపు మండింది.

అందుకని అడుగుతున్నాను. కల్లు లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఇది ఫలానా చెట్టుదని చెప్పేసేదానివి కదా, అదెలాగో వివరంగా రాయి. నాన్నకి మాత్రం చెప్పకు. నేను రిసెప్షన్లో కూచుంటానని అనుకుంటున్నారు.

నీ మేనకోడలు,
తులసి

*

శివకోడు,
2024 నవంబరు 27

ఏమే తులసీ,

నీ ఉత్తరం పెరట్లోనే చదివేను. చదివి అక్కడే చతికిలబడ్డాను. ముప్పై ఏళ్ళు కల్లుపాకలో కూచున్నదాన్ని, ఇంతవరకు నాలిక మీద చుక్క వేసుకోలేదు. మీ అమ్మ పోయాక నిన్ను ఆ పాకలోనే ఉయ్యాల కట్టి పెంచేను, నీ నోటికీ తగలనివ్వలేదు. నువ్వేమో తాగినందుకు జీతం ఇస్తున్నారని సంబరంగా రాస్తావా? రోజుకి ఎన్ని గ్లాసులే? లివరు ఏమైపోవాలి? నిజం చెప్పు.

తిట్టడం అయింది. ఇక నీ ప్రశ్న.

ముందు ముక్కు పెట్టకూడదు. నురగ చూడాలి. తరవాత చెవి పెట్టాలి, లోపల చిటపటలు వింటే ఎంతసేపటి క్రితం దింపిందో తెలుస్తుంది. ఆ పైన ముక్కు. కాలవగట్టు చెట్టు కల్లులో, కాలవకి నీళ్ళు వదిలిన రోజు మట్టి వాసనొస్తుంది చూడు, అదొస్తుంది. గుడి వెనక చెట్టుది లేతకొబ్బరి. రొయ్యల చెరువు తవ్వేక దాని పక్క చెట్టు కల్లు ఉప్పుజీర కొడుతోంది. చెట్టు తాగిన నీరే కదా మనకిచ్చేది. మీ మామయ్య పొద్దున్న లొట్టి దింపగానే ఇప్పటికీ చెప్పేస్తాను, ఏ చెట్టుదో.

ఒంటిచెట్టు కల్లు అంటే వాళ్ళు నవ్వేరా? ఎందుకు నవ్వేరో ఆ మురళీమోహన్ గారిని నన్నొచ్చి అడగమను. జబ్బుపడి లేచిన మనిషికి నలభై రోజులు ఒకే చెట్టు, ఒకే లొట్టి. చుక్క కలపకూడదు. ఆ లొట్టి మెడ మీద నేను సున్నం బొట్టు పెట్టేదాన్ని. బొట్టు పెట్టేనంటే అందులో ఉన్నదానికి నాదీ పూచీ. మీ మామయ్య కూడా దాని మీద చెయ్యి వెయ్యడానికి లేదు. ఇప్పుడా బొట్టు పెట్టడం మానేశాలే. ఎందుకని అడక్కు.

ఒకటి నాకు అర్థం కాలేదు. సీసా మీద తోట పేరు రాస్తారు సరే, చేసినవాడి పేరేది? చెట్టొక్కటే అయినా మీ మామయ్య గీస్తే ఒకలా ఉంటుంది, ఆయన తమ్ముడు గీస్తే ఇంకోలా ఉంటుంది. అది కనుక్కో ముందు.

మన సత్యానందం మళ్ళీ అక్కడికే బయల్దేరుతున్నాడు. ఆత్రేయపురం పూతరేకులు ఇచ్చి పంపుతున్నాను. తాగినవాళ్ళకి పెట్టకు.

మేనత్త,
సత్యవేణి

*

దుబాయ్,
2025 జనవరి 19

అత్తా,

ముందు నీ లివరు బెంగ తీరుస్తాను. మేం తాగం. నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేస్తాం. పక్కన ఒక చిన్న బకెట్టు ఉంటుంది. పొద్దున్నించి ముప్పై రకాలు చూసినా మా కాళ్ళు తడబడవు.

నువ్వడిగిన ప్రశ్న పాఠం చెప్పే మాస్టారిని అడిగాను. "ఒక్క తోటే కానీ, చేసినవారు ఎవరండీ?" అన్నాను. ఆయన సీసా నా వైపు తిప్పి చూపించాడు. ఆ గోడ లోపలి ముక్కకి పదిమంది సొంతదారులట. తలా నాలుగు వరసలు. ఎవరి వరసల ద్రాక్ష వాళ్ళదే, ఎవరి సీసా వాళ్ళదే. "బర్గండీ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, ఈ గదిలో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు" అన్నాడు. మా అత్త అడగమందండీ అన్నాను. మీ అత్తగారికి సొంత తోట ఉందా అన్నాడు. ఆయ్, రొయ్యల చెరువు దాకా ఉందండీ అన్నాను.

ఇప్పుడు ఎలా చూస్తామో చెప్తాను, నువ్వూ పక్కన కూచున్నట్టు అనుకో. గ్లాసు పెద్ద కడుపుతో ఉంటుంది. అడుగున కొంచెమే పోస్తారు. తెల్లగుడ్డ మీదకి వంచి రంగు చూడాలి. ఎర్ర వైన్ అంటే చిక్కగా ఉంటుందనుకుంటాం. ఇది పల్చన, కింద కాగితం పెడితే అక్షరాలు చదవచ్చు. అంచున ఇటిక రంగు తిరిగితే వయసు మళ్ళిందని. గ్లాసు తిప్పి ముక్కు పెట్టాలి. ముందు పండు వాసన వస్తుంది. దాని వెనక మెల్లగా తడిసిన ఎండుటాకులు, పుట్టగొడుగులు. నోట్లో పులుపు, చివర సన్నటి వగరు, పోకచెక్క నమిలాక చిగుళ్ళకి పట్టుకుంటుందే, అది. ఉమ్మేశాక రుచి ఎంతసేపు నిలుస్తుందో మనసులో లెక్కపెట్టుకోవాలి. మొన్నటి దానికి నలభై దాటాక నేను లెక్క మర్చిపోయాను.

ఇవన్నీ ఒక కాగితం మీద రాయాలి. అక్కడే గొడవొచ్చింది. అందులో ఏవేవో పళ్ళ పేర్లుంటాయి, నేను ఒక్కటీ తిని ఎరగను. నాకు తెలిసింది నేరేడు. అదే రాశాను. "గోదావరీ, పరీక్షలో నేరేడు అంటే సున్నా" అన్నాడు మురళీమోహన్ గారు. "వాళ్ళ పళ్ళు నేను సూపర్ మార్కెట్టులో కొనుక్కుని మరీ తిని నేర్చుకుంటున్నాను కదండీ, పరీక్ష పెట్టేవాళ్ళు ఒక నేరేడుపండు తినలేరా?" అన్నాను. మాస్టారు నవ్వి, వాళ్ళ పేరు పక్కన నీ పేరు కూడా రాసుకో అన్నాడు. రెండూ రాస్తున్నాను. నాది ముందు రాస్తున్నాను.

పూతరేకులు మురళీమోహన్ గారే నాలుగు తిన్నారు. పాడైన లొట్టిని ఎలా పట్టేదానివో కూడా రాయి.

తులసి

*

శివకోడు,
2025 ఫిబ్రవరి 10

తులసీ,

ఉమ్మేస్తారా! అంత ఖరీదైనది, ఎవడో ఏడాదంతా కష్టపడి చేసింది, బకెట్టులో ఉమ్మేస్తారా? తాగడమే మేలనిపించింది నాకు. సర్లే. మీ మామయ్యకి చెబితే రెండు రోజులు అన్నం సయించలేదు ఆయనకి.

మీ నాన్నకి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. మీ హోటలు వాళ్ళు ఫేస్‌బుక్కులో ఏదో ఫోటో పెట్టేరట. నువ్వు గ్లాసులో ముక్కు దూర్చి కళ్ళు మూసుకుని ఉన్నావు. అమలాపురంలో ఎవరో చూసి మీ నాన్న ఎరువుల కొట్టుకి వచ్చి మరీ చూపించేరు. ఆదివారం పొద్దున్నే బస్సు దిగేడు. చెప్పులు కూడా విప్పలేదు.

"చూడక్కా, నీ పెంపకం" అన్నాడు, ఫోను నా మొహాన పెట్టి. "కొత్తపేట సంబంధం వాళ్ళు వద్దని కబురంపేరు. దాన్ని రేపే వచ్చెయ్యమని రాయి, నీ మాటయితే వింటుంది."

నేను ఫోటో చూసేను. కళ్ళు మూసుకున్నావు కదా, ఏడుస్తున్నావేమో అనుకున్నాను ముందు. ఏడవలేదు కదా? ఏడిస్తే రాయి.

"వాసన పట్టేటప్పుడు నేనూ కళ్ళు మూసుకునేదాన్ని తమ్ముడూ" అన్నాను. "ఏంటి తప్పు?"

"నువ్వు అమ్మేవు. గతిలేక అమ్మేవు. అది చదువుకున్న పిల్ల."

గతిలేక అన్న మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. "కృష్ణమూర్తీ, నువ్వు అమలాపురంలో కాలేజీకెళ్ళి చదివిన చదువు ఏ చెట్టు మీంచి దిగిందో మీ బావ చెట్టెక్కే మోకుని అడుగు. గతిలేక కాదు, ఆ పని నాకొచ్చు కాబట్టి చేసేను. నా అంత బాగా ఈ చుట్టుపక్కల ఎవరూ చెయ్యలేదు. నా మేనకోడలికీ అదే వచ్చింది. పెళ్ళికొడుకు దానికి తగ్గవాడు దొరికితే తీసుకురా. దొరక్కపోతే ఎరువులమ్ముకో" అన్నాను. టీ కూడా తాగకుండా పోయేడు. పోనీ.

పాడైన లొట్టి సంగతి అడిగేవు కదూ. అందరూ ఏమనుకుంటారంటే, పాడైతే కంపు కొడుతుందనుకుంటారు. కంపు తరవాతెప్పుడో వస్తుంది. ముందు రావాల్సిన మంచి వాసన రాదు. చెట్టు పేరు చెప్పలేకపోతావు. అలాంటప్పుడు ఆగిపోయి, లొట్టి కడిగి ఎండలో బోర్లించిందా లేదా అని చూడాలి. తడి లొట్టి అయితే దానికి గోనెసంచి కంపు పట్టుకుంటుంది, ఎంత మంచి కల్లు పోసినా అంతే.

సత్యవేణి

*

దుబాయ్,
2025 మార్చి 12

అత్తా,

నేను ఏడవలేదు, ఆ ఫోటోలో. మొన్న మాత్రం ఏడ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోయిన గురువారం ఒక పెద్ద విందు. ఒకే తోటది, ఒకే చేతిది, ఇరవై ఏళ్ళ నాటి బర్గండీ ఎర్ర వైన్ ఆరు సీసాలు తెప్పించారు. మొదటి సీసా బిరడా తియ్యడం నా పని. అతిథికి పోసేముందు గ్లాసులో ఒక గుక్క పోసుకుని వాసన చూడటమూ నా పనే. చూశాను. పండు రాలేదు. గ్లాసు తిప్పి మళ్ళీ చూశాను. రావాల్సింది రాలేదు. నీ ఉత్తరమే గుర్తొచ్చింది. ఆగాను. అప్పుడు వెనకనించి వచ్చింది, వానాకాలం పాకలో మూలన పడేసిన గోనెసంచి.

మురళీమోహన్ గారిని పక్కకి పిలిచి, ఇది పాడైందండీ, ఇంకోటి తీద్దాం అన్నాను. ఆయన వాసన చూసి, "ఇది ఆ నేల వాసన. పాత బర్గండీ ఎప్పుడైనా చూశావా? పొయ్యి" అన్నాడు.

"పొయ్యనండీ."

"ఏమిటీ?"

"పాడైందని తెలిసి నా చేత్తో పొయ్యనండీ."

అతిథి మా వైపు చూసి ఏమిటి సంగతని అడిగాడు. ఈ సీసా బాగాలేదండీ అని నేనే చెప్పేశాను. మురళీమోహన్ గారు పెద్దగా నవ్వి, కొత్తమ్మాయండీ అని, సీసా నా చేతిలోంచి తీసుకుని తనే పోశాడు. ఆ పెద్దమనిషి తాగి, బ్రహ్మాండం అన్నాడు. సీసా ఖాళీ అయిపోయింది. మిగతా ఐదూ తీశారు, అవి నిజంగానే బాగున్నాయి, నేనే చెప్పాను. "ఆరింటిలో ఐదు బాగుండి ఆ ఒక్కటే పాడైందా? నీకు తప్ప ఎవరికీ తెలియలేదా?" అని అందరి ముందూ అడిగాడు.

ఇప్పుడు నా ముందు ఒక కాగితం పెట్టారు. మంచి సీసాని చెడ్డదని పొరపాటుగా చెప్పాను, క్షమించండి అని ఉంది అందులో. ఏప్రిల్ ఇరవైలోగా సంతకం పెడితే ఇదే పనిలో ఉంటాను, పరీక్షకీ పంపుతారు. పెట్టకపోతే ఈ విభాగంలోంచి తీసేస్తారు, పరీక్ష జాబితాలోంచి నా పేరూ కొట్టేస్తారు. నాలుగేళ్ళనించి దీనికోసమే చచ్చాను అత్తా.

నా దగ్గర మిగిలింది ఆ సీసా బిరడా ఒక్కటే. ఆ రోజు ఏప్రన్ జేబులో పడేసుకున్నాను. చిన్న గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, మలికిపురం వెళ్తున్న ఒకావిడ చేత పంపిస్తున్నాను. మూత తీసి వాసన చూడు. ఈ భూమ్మీద నేను నమ్మే ముక్కు నీదొక్కటే. నువ్వు పాడైంది అంటే సంతకం పెట్టను. బాగుంది అంటే పెట్టేస్తాను.

నీ తులసి

*

శివకోడు,
2025 మార్చి 15

తులసీ,

సత్యానందం పెళ్ళాం నిన్న సాయంత్రం వచ్చి చెప్పింది. పెద్దమనుషుల ముందు తాగేసి, గ్లాసు విసిరేసి, పై ఆఫీసరుని ఎదిరించేవట. ఉద్యోగంలోంచి తీసేస్తున్నారట. ఆవిడ మొగుడు అక్కడే ఉన్నాడు కదా, అబద్ధం ఎందుకు చెప్తాడు?

మీ నాన్న ముందు నా పరువేం కావాలి? క్షమించమని అడిగెయ్యి. అడిగితే అరిగిపోవు. ఇలాంటిదాన్నా నేను వెనకేసుకొచ్చింది అని రాత్రంతా నిద్రపోలేదు.

సత్యవేణి

*

దుబాయ్,
2025 మార్చి 29

అత్తా,

నీ పదిహేనో తారీఖు ఉత్తరం అందింది. నా ఉత్తరం, బిరడా నీకు అందేలోపే రాసేశావు. సత్యానందం మా హోటలు గుమ్మం కూడా ఎరగడు. వేరే హోటల్లో వ్యాన్ తోలుతాడు.

నాన్న ఆ మాటంటే నవ్వేసి ఊరుకునేదాన్ని. నువ్వు అన్నావు. చుక్క కూడా ముట్టనివ్వకుండా పెంచినదానివి, నేను తాగి గ్లాసు విసిరానంటే ఎలా నమ్మావు?

ఇంకేం రాయను. బిరడా చూసి చెప్తే చెప్పు, లేకపోతే లేదు.

లక్ష్మీతులసి

*

శివకోడు,
2025 ఏప్రిల్ 4

అమ్మా తులసీ,

నీ పెద్ద ఉత్తరం, బిరడా మొన్న అందేయి. చదివి నా చెంప నేనే వాయించుకున్నాను. సత్యానందం పెళ్ళాన్ని వీధిలో నిలబెట్టి, నలుగురి ముందూ కడిగిపారేశాను. నీకు నేను చెప్పాల్సింది అంతకంటే పెద్దది. ఇది చదివేక నన్ను తిట్టుకో.

పొద్దున్నే స్నానం చేసి, చేతికి సబ్బు వాసన పోయేదాకా ఆగి, పెరట్లో కూచుని నీ గాజు సీసా మూత తీసేను. ఏమీ రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూసేను. ఏమీ రాలేదు. ఎండలో కాసేపు పెట్టి మళ్ళీ చూసేను. తులసీ, నాకు వాసన తెలియదు. నాలుగేళ్ళయింది. ఆ జ్వరాలొచ్చిన ఏడాది పోయింది, తిరిగి రాలేదు. అన్నం మాడితే పొగ చూసి దింపుతున్నాను. మల్లెపూలు అలవాటు కొద్దీ పెట్టుకుంటున్నాను.

నవంబరులో రాసేను కదా, లొట్టి దింపగానే ఇప్పటికీ చెప్పేస్తానని, అది అబద్ధం. మీ మామయ్య ఏ గట్టు మీంచి నడిచొస్తున్నాడో చూసి చెట్టు పేరు చెప్పేస్తున్నాను. ఆయనేమో మా సత్యవేణి ముక్కు చూడండి అని పదిమందికీ చెప్పుకుంటున్నాడు. ఆయనకీ ఇప్పటిదాకా తెలియదు. నిన్న ఆ బిరడా ఆయనకిచ్చి చూడమన్నాను. చుట్ట తీసి పక్కన పెట్టి, శ్రద్ధగా చూసి, "బెండు వాసనొస్తోందే" అన్నాడు.

పాడైంది, సంతకం పెట్టకు అని రాసేద్దామని పెన్ను తీసేను. ఏం పోయింది, నీకు బలంగా ఉంటుంది కదా అనుకున్నాను. చెయ్యి కదల్లేదు. ఎందుకో చెప్తాను. సున్నం బొట్టు మానేశాను, అడక్కు అన్నాను చూడు, అదే ఇది.

అంతర్వేది దానం తెలుసు కదా, పడవ నడిపే ఆయన. ఇరవై రెండేళ్ళ క్రితం పచ్చకామెర్లతో పోయేవాడే, బతికేడు. ఆయనకి నలభై రోజులు కాలవగట్టు చెట్టు కల్లు ఒప్పుకున్నాను. ముప్పై ఒకటో రోజు చెట్టు సరిగ్గా పారలేదు. మీ మామయ్య గుడి వెనక చెట్టుది కలిపి లొట్టి నింపేడు. ఆయన చెప్పలేదు, నాకు ముక్కుకి తెలిసిపోయింది. అప్పటికే దానం తల్లి వచ్చి కూచుంది. నేను సున్నంలో వేలు ముంచి బొట్టు పెట్టేను. ఒంటిచెట్టుదేనమ్మా అని చేతిలో పెట్టేను. దానం లేచి తిరిగేడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రాజోలు సంతకొచ్చినప్పుడల్లా మన గుమ్మంలో ఆగుతాడు. "నీ చేతి ఒంటిచెట్టు కల్లే నన్ను లేపింది అప్పా" అని దణ్ణం పెడతాడు. నేను ఆయ్ అని తల ఊపుతాను. ఆ నలభై రోజులయ్యేక ఇంకెవరికీ బొట్టు పెట్టలేదు.

తెలిసి ఒకసారి అబద్ధపు పూచీ పడ్డాను. ఇప్పుడు తెలియకుండా ఇంకో పూచీ పడలేను, నీకోసం కూడా పడలేను. కాబట్టి నా మాట మీద సంతకం పెట్టకు, నా మాట మీద మానెయ్యకు. ఆ రోజు ఆ గ్లాసులో నీకు తెలిసిందా లేదా? దానికి నేనెందుకు, అమలాపురమంతా వచ్చి కూచుంటే మాత్రం ఎందుకు?

ఒక్కటి మాత్రం ముక్కు లేకపోయినా చెప్పగలను. ఐదు బాగున్నాయి కాబట్టి ఆరోదీ బాగుందంటాడేంటి ఆయన? ఒకే చెట్టు కల్లు ఆరు లొట్టిల్లో పోస్తే, తడి లొట్టి ఒక్కటే పాడవుతుంది. ఇది తెలియనివాడు నీకు పెద్దా?

అత్త

*

దుబాయ్,
2025 ఏప్రిల్ 26

అత్తా,

నీ ఉత్తరం పదిహేడున అందింది. స్టాఫ్ బస్సులో చదివాను, దిగాల్సిన చోటు దాటిపోయాను. నిన్ను తిట్టుకోలేదు. నాలుగేళ్ళు ఒక్కదానివే ఎలా దాచుకున్నావే? పుట్టెడు దుఃఖమొచ్చింది.

ఇరవైన నన్ను ఆఫీసులోకి పిలిచారు. కాగితం, పెన్ను పెట్టారు. మురళీమోహన్ గారు ఆ రోజు మెత్తగా మాట్లాడాడు. "ఇది వట్టి కాగితం లక్ష్మీతులసీ, నీకు మంచి ముక్కుంది, పరీక్ష పాడుచేసుకోకు" అన్నాడు. మొదటిసారి పేరుతో పిలిచాడు. నిజం చెప్తున్నాను, చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది. నాలుగేళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. నువ్వు పాడైందని రాసి ఉంటే, మా అత్త చెప్పిందని దాని చాటున నిలబడేదాన్ని. ఆ చాటు నువ్వు తీసేశావు. అక్కడ నేనూ, ఆ రోజటి గ్లాసూ మిగిలాం. నాకు తెలిసింది అత్తా. గోనెసంచి. ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

వాళ్ళు రాసిన దాని మీద అడ్డంగా గీత కొట్టి, కింద రాశాను. 'ఈ సీసా పాడైంది. నేను వాసన చూసి చెప్పాను. లక్ష్మీతులసి, శివకోడు సత్యవేణి మేనకోడలు.' ఇదేం రాతని అడిగాడు. "చేసినవాళ్ళ పేరు రాయాలి కదండీ" అన్నాను.

అన్నట్టే తీసేశారు. ఇప్పుడు పొద్దుటి ఫలహారాల దగ్గర పళ్ళరసాలు పోస్తున్నాను. మొదటి రోజే ఒక జగ్గు నారింజ రసం వెనక్కి పంపించాను. వంటింటివాళ్ళు కొట్టడానికొచ్చారు. తరవాత వాళ్ళే రుచి చూసి పారబోశారు. పరీక్షకి నా డబ్బు నేనే కట్టుకున్నాను. ఈ మేలో కుదరదన్నారు, నవంబరులో. నేరేడని రాస్తాను, వాళ్ళిష్టం.

నీకు తెలియని వాసనలు ఇకనించి నేను చెప్తాను. ఉత్తరానికొకటి. మొదటిది ఇదిగో. ఆ మిగతా ఐదు సీసాల వైన్ ఎలా ఉందో నీకు రాయలేదు కదా. కొత్త లొట్టిలో నేరేడుపళ్ళు పోసి, కాలవకి నీళ్ళు వదిలిన పూట గట్టు మీద పెట్టినట్టుంది. నీ కాలవగట్టు చెట్టే.

తులసి

*

శివకోడు,
2025 మే 25

తులసీ,

నువ్వు రాసిన వాసన మూడుసార్లు చదివేను. మూడోసారి మీ మామయ్యని పిలిచి, నా ముక్కు పోయిందని చెప్పేశాను. "నాలుగేళ్ళనించి చెట్టు పేర్లు చెప్తున్నావు కదే!" అని తెల్లబోయేడు. నడిచొచ్చే గట్టు సంగతి చెప్పేసరికి అలిగి రెండు పూటలు మాటాడలేదు. ఇప్పుడు కావాలని చుట్టు తిరిగి వేరే గట్టు మీంచి వస్తున్నాడు.

సంత రోజు దానం వచ్చేడు. దణ్ణం పెట్టబోతుంటే ఆపి, ముప్పై ఒకటో రోజు సంగతి చెప్పేను. మీ మామయ్య మీదకి తొయ్యలేదు, బొట్టు పెట్టింది నేనే కదా. దానం టీ గ్లాసు నిండా అలాగే వదిలేసి వెళ్ళిపోయేడు. మొన్నటి సంతకి మన వీధిలోకి రాలేదు. రాకపోతే రాకపోయేడు, చెప్పాల్సింది చెప్పేను. రాత్రిళ్ళు మాత్రం నిద్ర పడుతోంది.

నీ బిరడా ఏం చేశానో చెప్తాను. పాత సున్నం డబ్బా వెతికి తీసి, గట్టిపడిపోతే నీళ్ళు పోసి నానబెట్టేను. వేలు ముంచి ఆ గాజు సీసా మెడ మీద బొట్టు పెట్టేను. ఇరవై రెండేళ్ళకి మళ్ళీ పెట్టేను. నడవాలో గూట్లో పెట్టేను, గుమ్మంలోంచే కనిపిస్తుంది.

నిన్న మీ నాన్న వచ్చేడు. ఈసారి చెప్పులు విప్పేడు. ఉద్యోగం పోయిందటగా, ఇంకెందుకక్కడ, వచ్చెయ్యమని రాయక్కా అని మొదలెట్టేడు. అటూ ఇటూ చూసి గూట్లో సీసా చూసేడు.

"ఇదేంటక్కా, బెండుముక్కకి సున్నం బొట్టు?"

"తులసి చెప్పిన మాట."

"వాసన చూసేవా? నిజమేనా అది చెప్పింది?"

"నాకు వాసన తెలియదు" అన్నాను. "తులసి తెలుసు."

తియ్యబోయేడు.

"చెయ్యి తియ్యి కృష్ణమూర్తీ" అన్నాను. "అది ఒంటిచెట్టుది."

నీ అత్త,
సత్యవేణి